ఎగిరేవి, ఉండేవి

లేత్ గది,
ఫిబ్రవరి 3

సూదమ్మకి,

బావ రాస్తున్నాడు. ఉత్తరం చూసి కంగారు పడకు. నాకేం కాలేదు, అయిందంతా ఇంజనుకే.

మీ అక్క పోయిన ఏడు నెలల తర్వాత నిన్ననే మొదటిసారి వెనక గది తాళం తీశాను. లేత్ మీద దుమ్ము పేరుకుపోయింది. బల్లకి బిగించిన చిన్న ఇంజను మాత్రం ఆవిడ కప్పిన గుడ్డ కింద నిన్న తుడిచినట్టే ఉంది. నీకు గుర్తుండే ఉంటుంది, బొటనవేలంత ఇంజను. పెళ్ళైన కొత్తలో ఇద్దరం కలిసి చేశాం. మైదానంలో బొమ్మ విమానాలు ఎగరేసే రోజుల్లో మా విమానం దాన్ని ముక్కున పెట్టుకుని ఎన్ని చక్కర్లు కొట్టిందో. విమానం విరిగిపోయాక బల్లకి బిగించాం. ఆదివారం సాయంత్రం ఒకసారి తిప్పడం మాకు అలవాటు. ఇంధనం ఆవిడ కలిపేది, ఇంజను ముందున్న పంకా నేను వేలితో తిప్పేవాణ్ణి. అది గర్రుమనగానే మీ అక్క రెండు చెవులూ మూసుకుని పడీపడీ నవ్వేది.

నాకిప్పుడు ఒకటే కోరిక. ఆ చప్పుడు ఇంకొక్కసారి వినాలి. ఎందుకని అడగకు, చెప్పడం చేతకాదు.

సీసా అడుగున పాతది కొంచెం మిగిలితే పోశాను. పంకా తిప్పాను. ఉలకదు, పలకదు. వేలు వాచేదాకా తిప్పాను. ఆముదం తాగిన మొహం పెట్టుకుని కూర్చుంది. నిజానికి నేను తాగించిందీ ఆముదమే, అందుకని ఎక్కువ తిట్టలేకపోయాను.

సొరుగులో మీ అక్క నోటు పుస్తకం దొరికింది. అందులో ఇంధనం గురించి ఒకటే ముక్క ఉంది: "మూడూ సమానం. ఎగిరేదానికి ఒక మూత ఎక్కువ." మూడూ అంటే ఈథర్, కిరసనాయిలు, ఆముదం. అవి కొత్తగా తెప్పించి సమానంగా కలిపాను. మూత సంగతి వదిలేశాను. అది విమానానికి పెట్టిన ఇంజను గురించి రాసింది కదా. నాది బల్లకి బిగించింది, ఎగిరేది కాదు. కొత్త ఇంధనం పోసినా కదల్లేదు.

మీ అక్కచెల్లెళ్ళ గుట్టు నాకు ఎప్పుడూ అంతుపట్టలేదు. ఇంకేదైనా చిట్కా ఉంటే చెప్పు.

మరమేకు బావ


నర్సుల క్వార్టర్స్, రెండో అంతస్తు,
ఫిబ్రవరి 9

మరమేకు బావకి,

ఏడు నెలలకి ఒక ఉత్తరం రాసి, అందులో మరదలి ఆరోగ్యం అడక్కుండా ఇంజను ఆరోగ్యం రాసిన మహానుభావుణ్ణి మిమ్మల్నే చూశాను. నేను బాగానే ఉన్నాను. పొద్దున్నే చేతులు కడుక్కోవడం, ఆపరేషన్ అయ్యాక కత్తెరలు లెక్కపెట్టడం, మళ్ళీ చేతులు కడుక్కోవడం. ఇంకో ఐదు నెలల్లో రిటైరవుతాను. ఆ తర్వాత ఈ చేతులతో ఏం చెయ్యాలో తెలియదు.

అక్క గుట్టు నాకు మాత్రం ఏం తెలుసు? ఆ మూడింటికీ అది పేర్లు పెట్టుకున్న సంగతి ఒకటి తెలుసు. ఈథర్ తొందరమ్మ. మూత తీస్తే చాలు, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోతుందట. కిరసనాయిలు నిదానయ్య. ఆముదం జిడ్డయ్య, పొమ్మన్నా పోడు. "తొందరమ్మ లేకపోతే వాళ్ళిద్దరూ అరుగెక్కి కబుర్లు చెప్పుకుంటారే తప్ప పని మొదలుపెట్టరే" అనేది. మీ ఇంజను కదలడం లేదంటే తొందరమ్మ చెక్కేసిందన్నమాట. సీసా మూత తీసి వాసన చూడండి. తియ్యగా, చల్లగా నషాళానికి ఎక్కితే ఉన్నట్టు. లేకపోతే లేనట్టు. దానికి ఇంకో పరీక్ష అక్కర్లేదు.

డిసెంబరులో మీకు వారం రోజులు జ్వరం కాసిందని పక్కింటావిడ రాసింది. మీరు మాత్రం నోరు విప్పలేదు. పూర్తిగా తగ్గిందా? నిజం రాయండి. ముప్ఫై అయిదేళ్ళుగా నర్సుని, ఉత్తరం చూసి జ్వరం చెప్పగలను.

సూదమ్మ


లేత్ గది,
ఫిబ్రవరి 17

సూదమ్మకి,

జ్వరం ఎప్పుడో తగ్గింది. నువ్వు చెప్పినట్టే వాసన చూశాను, బాగానే ఉంది. తొందరమ్మ ఇంట్లోనే ఉంది, ఇంజనే మొండికేస్తోంది.

సీసాలో ఎంత ఉందో తెలియడానికి మెడ కింద ఒక దారం కట్టాను. నాలుగు రోజులకి ఇంధనం దారం కంటే వేలు మందం కిందికి దిగింది. బిరడా పాతబడిపోయి వదులుగా ఉంది, అదే కారణం కావచ్చు. మీ అక్క వచ్చి దొంగచాటుగా తాగుతోందేమోనని కూడా అనిపించింది. నవ్వకు. అలా అనుకోవడానికి నా దగ్గర కారణం ఉంది.

మధ్యాహ్నం భోజనమయ్యాక ఈ గదిలోనే నేల మీద పరుపు పరుచుకుని పడుకుంటున్నాను. సీసా నా తల పక్కన పీట మీద ఉంటుంది. చలిగాలి రాకుండా కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కాను. కళ్ళు మూసుకోగానే పరుపు నేల మీంచి జానెడు లేచినట్టుంటుంది. పైకప్పు మెల్లగా దూరం జరుగుతుంది. ఎక్కడో ఎవరో గ్లాసు మీద చెంచాతో తడుతున్నట్టు సన్నగా వినిపిస్తూ ఉంటుంది. అప్పుడు చూస్తే మీ అక్క బల్ల దగ్గర నిలబడి ఉంటుంది. నా వైపు వీపు. చేతులు మోచేతుల దాకా మడిచి, కొలత గీతలున్న గాజు గ్లాసుని వెలుతురుకి ఎత్తి చూస్తూ ఉంటుంది. గ్లాసులోంచి వెలుగు గోడ మీద పడి వణుకుతుంది. ఆ వణుకు నా చొక్కా మీద కూడా పాకుతుంది. నేను పిలవను. పిలిస్తే పోతుందని నాకు ఎలాగో తెలుసు.

లేచాక తల కొంచెం దిమ్ముగా ఉంటుంది. అయితేనేం, మీ అక్క పోయాక నిద్ర లేచి ఏడవకుండా ఉన్నది ఈ నాలుగు మధ్యాహ్నాలే.

బావ


నర్సుల క్వార్టర్స్,
ఫిబ్రవరి 24

బావకి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి చదివేటప్పుడు మా వార్డు ఆయా వచ్చి "ఏమ్మా, ఎవరైనా పోయారా?" అంది. "లేదు, వచ్చారు" అన్నాను. దానికి అర్థం కాలేదు.

నాకు కుళ్ళుగా ఉంది బావా. ఉన్న మాట చెబుతున్నాను. నా కల్లోకి అక్క ఒక్కసారి కూడా రాలేదు. పడుకునే ముందు దాని మొహం గుర్తు చేసుకుని, పేరు పెట్టి పిలిచి మరీ పడుకుంటాను. తెల్లారేసరికి కత్తెరలు, దూది, పట్టీలు తప్ప ఏమీ ఉండవు.

నా మీద కోపంతోనే రావడం లేదేమో అనిపిస్తుంది. ఆ రోజు మీరు కబురు పంపినప్పుడు నేను ఆపరేషన్‌లో ఉన్నాను. చేతి తొడుగులు తీసేసి వచ్చెయ్యచ్చు. ఇంకో నర్సు ఉంది, పెద్ద డాక్టరు కూడా వెళ్ళమన్నారు. ఇంకో అరగంటలో అయిపోతుంది కదా, కుట్లు వేశాక వెళదామనుకున్నాను. ఆ అరగంట రెండు గంటలైంది. నేను వచ్చేసరికి అక్క లేదు. ఈ మాట మీకు ఇంతవరకు చెప్పలేదు. సెలవు దొరకలేదని చెప్పాను. అబద్ధం.

మీ దగ్గరికి వస్తోందిగా, ఈసారి పిలవండి. పిలిచి నా మాటగా అడగండి. కోపంగా ఉందా అని ఒక్కటే అడగండి.

మరదలు


లేత్ గది,
మార్చి 4

చిట్టి మరదలికి,

నీ ఉత్తరం వచ్చిన రోజే అడిగాను. మీ అక్క నవ్వింది. "దానికి చేతులు కడుక్కోవడానికే పొద్దు చాలదు, దాని మీద కోపం తెచ్చుకోవడానికి నాకెక్కడ పొద్దు చాలుతుంది?" అంది. కాబట్టి ఇక ఆ బెంగ పెట్టుకోకు. హాయిగా నిద్రపో.

ఇక్కడ రోజులు బాగా సాగుతున్నాయి. నిజానికి సాగడం లేదు, తేలుతున్నాయి. పొద్దున్న అయిందంటే మధ్యాహ్నం కోసం చూస్తాను. ఇంజను జోలికి పోయి వారమైంది. నిన్న కలలో గదికి నేల లేదు. లేత్, బల్ల, నా పరుపు అన్నీ మైదానం మీద తేలుతున్నాయి. కింద గడ్డి వంగి లేస్తోంది. మీ అక్క బల్ల దగ్గరే ఉంది, ఎప్పటిలాగే గ్లాసు పట్టుకుని. మన పాత విమానం దాని చుట్టూ చప్పుడు లేకుండా చక్కర్లు కొడుతోంది. నాకు భయమెయ్యలేదు. ఇలాగే ఉండిపోతే బాగుండునని మాత్రం అనిపించింది.

మొన్న మోచెయ్యి తగిలి సీసా ఒరిగిపోయింది. కొంత సొరుగులోకి కారి ఈ ఉత్తరాల కాగితాల మీద పడింది. ఆరబెట్టాను. మరక కనిపిస్తే ఏమనుకోకు. మిగతాది కూడా దారానికి నాలుగు వేళ్ళ కిందికి దిగిపోయింది, మళ్ళీ నింపాను. బాగా తుడిచేశాను కాబట్టి గదిలో ఏ వాసనా లేదు, కడిగిన గిన్నెలా ఉంది.

ఇంకో ఏర్పాటు కూడా చేసుకుంటున్నాను. నిద్ర లేచి టీ కోసం వంటింటిదాకా నడిచేలోగా ఆవిడ మెడ వంపు మరిచిపోతున్నాను. అందుకని అటక మీద ఉన్న పాత వత్తుల పొయ్యి దింపి బాగుచెయ్యడానికి ఇచ్చాను. బాగుచేసేవాడు ఆదివారం ఇస్తానన్నాడు. పరుపు పక్కనే పెట్టుకుంటే పడుకున్న చోటే టీ కాచుకుని, మళ్ళీ కళ్ళు మూసుకోవచ్చు.

బావ


టెలిగ్రాం
మార్చి 7, శుక్రవారం

పొయ్యి వెలిగించవద్దు. కిటికీలు తెరవండి. సీసా పెరట్లో పెట్టండి. ఆ గదిలో పడుకోవద్దు. ఉత్తరం వస్తోంది. మరదలు.


నర్సుల క్వార్టర్స్,
మార్చి 7

బావగారికి,

టెలిగ్రాం ఇచ్చి వచ్చి ఇది రాస్తున్నాను. పక్కింటావిడకి కూడా వేరే టెలిగ్రాం ఇచ్చాను. మీరు వినకపోతే ఆవిడ వచ్చి మీ పరుపు ఎత్తి బయట పారేస్తుంది. ఆవిడ సంగతి మీకు తెలుసు.

మీ ఉత్తరాన్ని పోస్టుమన్ రెండు వేళ్ళతో చివర పట్టుకుని తెచ్చాడు. "అమ్మా, ఇది కాగితమా, దీపం వత్తా?" అన్నాడు. వరండా అంతా కిరసనాయిలు కంపు. విప్పితే ఆముదం జిడ్డు. నా చేతికి అంటిన వాసన సబ్బుతో మూడుసార్లు కడిగినా పోలేదు. అదే కాగితం మీద మీరు "గదిలో ఏ వాసనా లేదు" అని రాశారు.

బావా, మీ ముక్కు పని చెయ్యడం లేదు. డిసెంబరు జ్వరం నుంచే కదూ? నాకెందుకు చెప్పలేదు?

ఇప్పుడు జాగ్రత్తగా చదవండి. ఆ కాగితం మీద నిదానయ్య ఉన్నాడు, జిడ్డయ్య ఉన్నాడు. తొందరమ్మ లేదు. సీసాలోనూ ఉండడం లేదు, అందుకే ఇంజను కదలడం లేదు, అందుకే దారం కిందికి దిగుతోంది. మరి ఎక్కడికి పోయింది? కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కిన గదిలోంచి ఎక్కడికి పోతుంది? అక్కడే ఉంది. ఈథర్ ఆవిరి గాలి కంటే బరువు, పైకి పోదు. నేల మీద, మీ పరుపు చుట్టూ చేరుతుంది. మీరు దాన్నే పీలుస్తూ పడుకుంటున్నారు. నిప్పు ఎంత దూరాన ఉన్నా అది నేల వెంట పాకి వెళ్ళి అందుకుంటుంది. పరుపు పక్కన పొయ్యి అంటించి ఉంటే ఈ ఉత్తరం చదవడానికి మీరు ఉండేవారు కాదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రోగులకి మత్తు కోసం ఈథర్ ముసుగే వేసేవాళ్ళం. ఎంతమంది చేతులు పట్టుకుని నిద్రపుచ్చానో. ఒక వడ్రంగి కళ్ళు తెరిచి, పైకప్పు మీద తన తల్లి కూర్చుని జడ వేసుకుంటోందన్నాడు. ఒకామె మంచం తేలిపోతోంది పట్టుకోమని నా కొంగు వదల్లేదు. దూరంగా సన్నగా చప్పుడు వినిపించిందని చాలామంది చెప్పేవారు. మీరు ఫిబ్రవరిలో రాసిన ఉత్తరంలోనే ఇదంతా ఉంది. చదవగానే నాకు తెలియాల్సింది. అక్క వచ్చిందన్న మాట దగ్గరే నా బుర్ర ఆగిపోయింది.

ఈ కింది వాక్యం రాయడానికి నాకు గంట పట్టింది. మీ దగ్గరికి వస్తున్నది అక్క కాదు. ఈథర్.

రాయకుండా ఉంటే బాగుండునని నాకూ ఉంది. మీకు పోయేది కల. నాకు ఆ కలతో పాటు అక్క జవాబు కూడా పోతోంది. నాలుగు రోజులు దాన్ని పట్టుకుని హాయిగానే పడుకుందామనుకున్నాను. ఒక్క పూట కూడా కుదరలేదు.

ఇంకొకటి. అక్క ముప్ఫై ఏళ్ళు బడి ప్రయోగశాలలో పనిచేసింది కదా. అక్కడి బీరువా ఒకసారి నాకు చూపించింది. పై అరకి "ఉండేవి" అని, కింది అరకి "ఎగిరేవి" అని చీటీలు అంటించింది. మూత తీస్తే ఆవిరై పోయేవన్నీ దాని లెక్కలో ఎగిరేవే. నోటు పుస్తకంలో "ఎగిరేది" అంటే విమానం కాదు బావా, తొందరమ్మ. కలిపేటప్పుడే కొంత ఎగిరిపోతుంది కాబట్టి దానికి ఒక మూత ఎక్కువ పొయ్యమని.

మరదలు


ముందు గది,
మార్చి 12

మరదలికి,

టెలిగ్రాం అందింది. ఉత్తరమూ అందింది. కిటికీలు తెరిచాను. పొయ్యి వద్దని చెప్పి పంపేశాను. సీసా పెరట్లో రాతి మీద ఉంది. పక్కింటావిడ రోజుకి రెండుసార్లు వచ్చి కుక్కలా వాసన చూసి పోతోంది.

నాలుగు రోజులుగా మధ్యాహ్నం ముందు గదిలో పడుకుంటున్నాను. ఎవరూ రాలేదు. లేచేసరికి దిండు తడిసి ఉంటోంది.

నువ్వు చెప్పింది నిజమే. నువ్వు నా ప్రాణం కాపాడావు, అదీ నిజమే. అయినా నాకు నీ మీద కోపంగా ఉంది. ఇంతకంటే రాయలేను.

బావ


నర్సుల క్వార్టర్స్,
మార్చి 17

బావగారికి,

కోపం ఉంటే ఉండనివ్వండి. బిరడా గట్టిగా బిగించి దాచుకోండి, తొందరగా ఎగిరిపోకుండా. మీరు ఉండి నన్ను తిట్టుకుంటే చాలు నాకు.

ముక్కు డాక్టరుకి చూపించుకోండి. ఇది మరదలు చెప్పడం లేదు, నర్సు చెబుతోంది.

సూదమ్మ


పెరటి అరుగు,
ఏప్రిల్ 6

సూదమ్మకి,

డాక్టరు చూశాడు. వస్తే రావచ్చు, రాకపోతే లేదు అన్నాడు. ఆ మాత్రం నేనూ చెప్పగలను.

నీకు ఎందుకు చెప్పలేదో ఇప్పుడు చెబుతాను. డిసెంబరులో జ్వరం తగ్గిన రోజు మీ అక్క శాలువా తీసి మొహానికి పెట్టుకున్నాను. ఆర్నెల్లుగా రోజూ చేస్తున్న పనే. ఆ రోజు అందులో ఏమీ లేదు. ఎవరైనా ఉతికేశారేమోనని పక్కింటావిడ మీద అరిచాను కూడా. ఎవరూ ఉతకలేదు. ఆవిడ వాసన పోయింది అని నోటితో అంటే నిజమైపోతుందని ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఆ గదిలో ఆవిడ కనబడేసరికి, వాసన పోతే పోయింది, మనిషి వచ్చింది కదా అనుకున్నాను.

రెండో సంగతి. నీకు ఒక అబద్ధం రాశాను. కలలో మీ అక్క ఒక్కసారి కూడా నా వైపు తిరగలేదు. ఒక్క మాట అనలేదు. నువ్వు అడగమన్న రోజు పిలిచాను కూడా. పోలేదు, పలకలేదు. గ్లాసు చూసుకుంటూనే ఉంది. చేతులు కడుక్కోవడం గురించిన ఆ జవాబు నేను అల్లింది. ఆవిడైతే అలా అనేది అనిపించి రాశాను.

మూడోది అబద్ధం కాదు, దాచిపెట్టిన నిజం. ఆవిడ పోయిన రోజు మధ్యాహ్నం వాన పట్టింది. మీ అక్క కిటికీ వైపు చూసి, "అది గొడుగు మరిచిపోయి వస్తుంది. తలుపు దగ్గర తువ్వాలు పెట్టండి" అంది. నేను లేచి తువ్వాలు తెచ్చి తలుపు పక్క కుర్చీ మీద వేసి వచ్చాను. వచ్చేసరికి కళ్ళు మూసుకుంది. ఇంక మాట్లాడలేదు.

నువ్వు తడిసి ముద్దై వచ్చావు. ఆ తువ్వాలే నీ చేతికిచ్చాను. తల తుడుచుకుని, అందులోనే మొహం దాచుకుని ఏడ్చావు. అది ఆవిడ పెట్టించిన తువ్వాలని నేను చెప్పలేదు. ఎందుకంటే నా భార్య ఆఖరి మాట నా గురించి కాదు, నీ తడి తల గురించి. నాకు కుళ్ళు వచ్చింది. తొమ్మిది నెలలు ఆ మాట నేనొక్కణ్ణే దాచుకున్నాను. నువ్వు కోపంగా ఉందా అని అడిగినప్పుడు కూడా, చేతిలో నిజం పెట్టుకుని కల్పించి రాశానంటే నేనెలాంటివాణ్ణో చూడు. ఆవిడకి కోపం లేదు. నీ కోసం ఎదురుచూసింది, అంతే.

ఇక ఇంజను. నిన్న బల్లతో సహా పెరట్లోకి మోయించాను. కొత్త బిరడా కొన్నాను. ఆరుబయట, గాలికి వీపు పెట్టి కలిపాను. మూడూ సమానం, ఎగిరేదానికి ఒక మూత ఎక్కువ. పక్కింటావిడ నా ముక్కుగా నిలబడింది. "ఇప్పుడు నషాళానికి ఎక్కిందండోయ్, పొయ్యండి" అంది. సీసాకి బిరడా పెట్టి దూరంగా పంపించేశాక పంకా తిప్పాను. మొదటిసారి తుమ్మింది. రెండోసారి నా వేలు మీద కొట్టింది. మూడోసారి అందుకుంది.

ఒక్క నిమిషం తిరిగింది. ఆ చప్పుడులో మీ అక్క నవ్వు వినిపిస్తుందని ఆశపడ్డాను. వినిపించలేదు. నా రెండు చేతులూ వాటంతటవే లేచి చెవులు మూశాయి. ఎప్పుడూ మూసుకునేది ఆవిడ, నేను కాదు. ఇంధనం అయిపోయి ఆగేదాకా అలాగే నిలబడి ఏడ్చాను, పక్కింటావిడ ముందే. ఆవిడ అటు తిరిగి గోడ చూసింది. మంచి మనిషి.

ఇంజను తిప్పే ముందే పొగగొట్టం వెనక ఒక కాగితం కట్టి ఉంచాను, ఈ ఉత్తరంతో పంపుతున్న రెండో కాగితం అదే. మరకలు పడ్డాయి. మైదానం నుంచి ఇంటికొచ్చేటప్పుడు మీ అక్క చేతులు, బట్టలు ఈ వాసనే వేసేవి. నాకు తెలియడం లేదు. నువ్వు వాసన చూసి ఎలా ఉందో రాయి. దాచకుండా రాయి.

బావ


నర్సుల క్వార్టర్స్,
ఏప్రిల్ 11

బావకి,

ఉత్తరం పొద్దున వచ్చింది. తువ్వాలు సంగతి చదివి డ్యూటీకి వెళ్ళలేదు. ముప్ఫై అయిదేళ్ళలో మొదటిసారి ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పాను. మీ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. ఆ తువ్వాలు ఇంకా నా దగ్గరే ఉంది. ఆ రోజు పొరపాటున సంచిలో పెట్టుకుని వచ్చేశాను. ఇన్నాళ్ళూ దాన్ని గిన్నెలు తుడవడానికి వాడాను. ఇవాళ దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కోపం రాలేదు బావా.

రెండో కాగితం వెంటనే చూడలేదు. అలవాటుగా చేతులు కడుక్కుని, ఆరబెట్టుకుని, కిటికీలు రెండూ బార్లా తెరిచి, అప్పుడు విప్పాను. మీరు దాచకుండా రాయమన్నారు, రాస్తున్నాను.

ముందు జిడ్డయ్య వస్తాడు. సీసాలో ఉన్నప్పటిలా కాదు, కాలి, మాడి, కొంచెం తీపిగా. దాని వెనక వేడెక్కిన ఇనుము. ఆ తర్వాత అడుగున నిదానయ్య, పలచగా. తొందరమ్మ వాసన రవ్వంత కూడా లేదు. ఉండదు కూడా. ఇంజను తిరిగిందంటే ఈసారి ఆవిడ ఊరికే ఎగిరిపోలేదు, పనిలో పడింది.

ఇంకొకటి జరిగింది, నవ్వకండి. కాగితం ముక్కు దగ్గర పెట్టుకోగానే నేను తలెత్తి తలుపు వైపు చూశాను. అక్క మైదానం నుంచి వచ్చిందనుకున్నాను. ఆ క్షణం నిజంగా అలాగే అనుకున్నాను. నిద్రలో కాదు, ఈథర్ లేదు, పట్టపగలు, కిటికీలు తెరిచి. మీకు కల అని, ఆవిరి అని అన్ని మాటలు చెప్పినదాన్ని, వరండాలో అడుగుల చప్పుడు కోసం చాలాసేపు చెవి ఒగ్గి కూర్చున్నాను.

కాగితాన్ని అలమరలో పెట్టాను. పై అరలో. చీటీ మీద ఏం రాశానో మీకు చెప్పక్కర్లేదు.

జూలైలో రిటైరవగానే అక్కడికి వస్తాను. ఇంధనం కలపడానికి మీకు ముక్కు కావాలి, పక్కింటావిడని ఎన్నాళ్ళు ఇబ్బంది పెడతారు? అప్పటికి వానలు పడుతుంటాయి. నేను గొడుగు తెచ్చుకోను. తలుపు దగ్గర తువ్వాలు పెట్టండి.

మరదలు